మధ్యాహ్నం రింగు

మార్చి 11, మంగళవారం. హిందూపురం.

మధ్యాహ్నం రింగు రాలేదు.

పొద్దున ఏడింటికి వచ్చింది, మంద కదిలినప్పుడు. సాయంత్రం ఆరున్నరకు వచ్చింది, మంద కట్టాక. నడుమది లేదు. గొర్రెలు నీళ్ళు తాగి నీడకు చేరగానే నాయన ఇవ్వాల్సిన రింగు. గార్మెంట్స్ ఆఫీసులో కూర్చుని కుట్టిన చొక్కాల నంబర్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ ఒకే నంబరు మూడుసార్లు కొట్టాను. సురేష్ సార్ తెర వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

మూడు రింగుల ఏర్పాటు నాదే. నాయన గుండెకు స్టెంటు వేసి తొమ్మిది నెలలు. ఎండలో తిరగొద్దని అనంతపురం డాక్టరు చెప్పాడు. గొర్రెలు కాసే మనిషికి ఆ మాట చెప్తే ఇంకేం మిగులుతుంది? నాయన తలూపాడు. జనవరి రాగానే తొంభై గొర్రెల్ని తోలుకుని పెనుకొండ వైపు వెళ్ళిపోయాడు, ప్రతి ఏడూ వెళ్ళినట్టే. అందుకని రోజుకు మూడుసార్లు మోగించి కట్ చెయ్యమన్నాను. నేను ఎత్తను. మోగితే బాగున్నట్టు. నాలుగు మాటలు మాట్లాడవచ్చు కదా అంటే, "మాట్లాడేకి ఏముంటాది మ్మా, గొర్రెలు గడ్డి తిన్నాయని చెప్పల్లా?" అంటాడు.

సాయంత్రం నేనే తిరిగి చేసి అడిగాను. చార్జి అయిపోయిందట. రైతు మోటరు షెడ్డులో పెడితే గానీ ఫోను లేవలేదట.

మూడేళ్ళు నేను వాడి ఇచ్చిన ఫోను కదా. బ్యాటరీ పాతది.

మార్చి 12

వచ్చింది. పన్నెండూ ఇరవై. అన్నం తిన్నాను.

మార్చి 13

రాలేదు.

మ్యాపు తెరిచాను. నాయన చుక్క గుట్ట కింద, నీళ్ళు పారే వంక పక్కన ఉంది. చుక్క ఉందంటే మనిషి ఉన్నట్టే. చుక్క కింద చిన్న అక్షరాల్లో ఎప్పటిదో టైము ఉంటుంది. అది చదవలేదు.

మార్చి 14

అమ్మ ఊరి నుంచి ఫోను చేసింది. ఆమెకూ మధ్యాహ్నం నాయన దొరకలేదు. నా మీద కోపం. "మీ నాయన బటన్ల ఫోను ఐదు దినాలు ఉంటాండె. అది పెరుక్కోని ఇది ఇస్తివి. పెండ్లికొచ్చిన సుట్టం మాదిరి పొద్దున్నే నిండుగా తినేది, మధ్యాన్నానికే తలకాయ వాల్చేది."

బటన్ల ఫోనులో మ్యాపు ఉండదమ్మా అన్నాను. అది నిజమే.

అందులో కెమెరా కూడా ఉండదు. అది అనలేదు.

'మా నాయన మంద' పేజీకి నిన్నటికి ముప్పై ఒక్క వేల మంది. జనవరిలో సరదాకు మొదలుపెట్టాను. గొర్రెలు నీడకు చేరినప్పుడు నాయన వీడియో తీస్తాడు. ఫోను దానంతట అదే నాకు పంపుతుంది, నేను కత్తిరించి పెడతాను. కుంటి పిల్ల మూడు కాళ్ళతో వంక దూకే వీడియోను ఎవరెవరో ఎక్కడెక్కడో చూశారు. హాస్టల్లో పవిత్ర తన ఆఫీసు వాళ్ళందరికీ చూపించి, ఈ పిల్ల మా రూములోనే ఉంటుంది అని చెప్పిందట. గొర్రెపిల్లనా, నన్నా అని అడిగితే ఇద్దరినీ అంది.

డిగ్రీ చేసి చొక్కాల నంబర్లు కొడుతున్నాను. పొద్దస్తమానం నాదనేది ఏదైనా ఉందంటే ఆ పేజీ.

మార్చి 16, ఆదివారం

పొద్దున రైలుకు పెనుకొండ పోయి వచ్చాను. వరుసగా రాయాలి, లేకపోతే తప్పించుకుంటాను.

మంద లక్ష్మీనారాయణ చేన్లో ఉంది. వేరుశనక్కాయ పీకేసిన చేను. రాత్రిళ్ళు గొర్రెలు అందులో పడుకుంటే చేనుకు ఎరువు, అందుకు బదులు నాయనకూ కుళ్ళాయప్ప మామకూ తిండి గింజలు, మోటరు షెడ్డులో ఫోను పెట్టుకోవడానికి చోటు. కుళ్ళాయప్ప మామ గొర్రెలూ నాయనవీ కలిసే మేస్తాయి. పక్కనే లక్ష్మీనారాయణ భార్య శ్యామలమ్మ మల్బరీ తోట. పట్టుపురుగుల ఆకు. ఆమెకు గొర్రెలంటే పడదు. నన్ను చూడగానే, "ఏమ్మా ఉమా, నీ సినిమా గొర్రెలకు చెప్పు, నా ఆకు ముట్టుకుంటే కాళ్ళిరగ్గొడతా" అంది. అని, మజ్జిగ ఇచ్చింది.

నాయన తగ్గాడు. మెడ దగ్గర చొక్కా వదులైంది. గట్టు ఎక్కేటప్పుడు ఒకసారి ఆగి, దూరంగా ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. అక్కడ ఏమీ లేదు. నేను కూడా ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఫోను ఎడమ జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. కాలింది. దీంట్లో కోడిగుడ్డు పెడితే పిల్లయితాదప్పా అని కుళ్ళాయప్ప మామ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రోజంతా ఆ వేడి స్టెంటు మీదే ఉంటోంది.

ఫోను తీసుకుని పెనుకొండ బస్టాండు దగ్గర నాగేష్ అనే అతని షాపుకు పోయాను. కొత్త బ్యాటరీ వెయ్యమన్నాను. అతను ఫోను విప్పలేదు. సెట్టింగుల్లోకి పోయి ఒక పట్టీ తెరిచి నా వైపు తిప్పాడు.

"బ్యాటరీకి ఏ రోగమూ లేదక్కా. తినేవాళ్ళు ఎక్కువైనారు. మనం వేలితో పైకి తోసేస్తే మూసేసినాం అనుకుంటాం. మూసుకోదు. వెనకాల పని చేస్తానే ఉంటాది. ఇది ఎవురన్నా లైకు కొట్టినప్పుడల్లా లేస్తాది. ఇది వీడియోలు ఎక్కిస్తా ఉంటాది. ఈ మూడోది, మనిషి యాడుండాడో నిమిషానికొకసారి చెప్తాంటాది. గుట్టల్లో టవరు అందదు. అందలేదని ఊరుకోదు, ఎతుకుతానే ఉంటాది. సగం చార్జి ఆ ఎతుకులాటకే."

ఇన్ని లైకులు మీ నాయనకా అని అడిగాడు. అకౌంటు నాదని చెప్పాను.

"అంటే ఆయప్ప జోబులో నువ్వు తిరుగుతాండావన్న మాట" అన్నాడు. తమాషాకే అన్నాడు.

మూడూ ఆపేశాడు. ఇంక చార్జి రెండు రోజులు ఖాయంగా ఉంటుందన్నాడు. పైసా తీసుకోలేదు, నేనేం చేశానక్కా అని. ఫోను నాయనకు ఇచ్చి సాయంత్రం రైలుకు వచ్చేశాను.

మార్చి 17

వచ్చింది, కానీ ఒంటి గంట దాటాక.

మార్చి 18

రాలేదు. ఆ నాగేష్‌కు ఏమీ తెలిసినట్టు లేదు.

మార్చి 19

నిజం రాయాలి. దీన్ని చదివేది నేనొక్కదాన్నే.

షాపు నుంచి చేనుకు వచ్చే ఆటోలో మళ్ళీ ఆన్ చేశాను. ముందు మ్యాపు. నాయన కనిపించకపోతే నాకు ఊపిరాడదు. తర్వాత వీడియోలు పంపేది. రోజూ ఒకటి పెట్టకపోతే జనం మర్చిపోతారు. లైకులకు లేచేదాన్ని మాత్రం ఆపే ఉంచాను.

మూడింట్లో ఒకటి ఆపాను.

మార్చి 22

రాలేదు. ఒకటి ఆపాను కదా.

మార్చి 23

వచ్చింది.

మార్చి 26

మధ్యాహ్నం బ్యాంకు పని మీద బయటికి పంపారు. హిందూపురం బస్టాండులో ఒక ముసలాయన మొహం మీద తువ్వాలు కప్పుకుని బెంచీ మీద పడుకున్నాడు. పక్కన నీళ్ళ సీసా దొర్లిపోయి ఉంది. కాళ్ళ పగుళ్ళు అచ్చం నాయనవే. ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. కదిలింది. అయినా ఇంకో పది లెక్కపెట్టి గానీ రాలేకపోయాను. ఆయన లేచి, ఏం కావల్లమ్మా అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

అప్పటికి పన్నెండున్నర దాటింది. రింగు లేదు. ఊళ్ళో ఎవరి ఛాతీయో చూడగలను, నాయనది చూడలేను. చుక్క చూశాను. చుక్క ఊపిరి పీల్చదు.

ఇలాంటివి రాయకూడదు.

మార్చి 30. ఉగాది. ఊరు.

నిన్న సాయంత్రం రైలుకు ధర్మవరం వచ్చి, బస్సెక్కి ఇల్లు చేరాను. దారిలో పెనుకొండ స్టేషను దాటేదాకా కిటికీ వదల్లేదు. గుట్ట కనిపించింది. మంద కనిపించలేదు.

నాయన రాలేదు. గొర్రెలకు పండగ ఉండదు. వచ్చింది కుళ్ళాయప్ప మామ. చెల్లెలి కూతురికి సంబంధం మాట్లాడాలని ముదిగుబ్బ పోతున్నాడు, గురువారం దాకా మందకు తిరిగి పోడట. అంటే నాలుగు రోజులు నాయన ఒక్కడే. ఈ మాట అమ్మ పొయ్యి దగ్గర నిలబడి రెండుసార్లు అంది. మొదటిసారి మామతో. రెండోసారి ఎవరితోనో తెలియదు.

నేను నాయనకు ఫోను చేశాను. మందుబిళ్ళలు వేసుకుంటున్నాడట. నాలుక కింద పెట్టుకునే బిళ్ళ జేబులోనే ఉందట. జాగ్రత్త నాయనా అన్నాను. ఎండ ఎక్కువ ఉంటే కదలొద్దన్నాను. ఫోను పెట్టేయబోయి, పండగ కదా, మంచి వీడియో ఒకటి పంపమని జనం అడుగుతున్నారని చెప్పాను.

కింద టవరు అందడం లేదట. నిన్న వంక దగ్గర తీసినది ఇంకా పోక తిరుగుతూనే ఉందట. "గుండు మీదికెక్కితే బిన్నా పోతాది మ్మా. ఎక్కి పంపిస్తాలే" అన్నాడు. వంక పక్కన పెద్ద బండరాయి ఉంది, దాన్నే గుండు అంటారు. నిటారుగా ఏమీ ఉండదు. పిల్లలు కూడా ఎక్కుతారు.

సరే నాయనా, వీడియో పోయేదాకా ఫోను మాత్రం ఆపొద్దు అన్నాను.

అమ్మ బొబ్బట్టు చేతిలో పెట్టుకుని నా వైపే చూస్తోంది. ఏం చెప్తాండావు ఆయప్పకు అంది. జాగ్రత్తగా ఉండమంటున్నానమ్మా అన్నాను. అది నిజమే.

ఏప్రిల్ 1. హిందూపురం.

గుండు మీద నుంచి తీసిన వీడియో వచ్చింది. కింద గొర్రెలన్నీ ఒకే వైపు తిరిగి, తెల్లగా నల్లగా, వంక ఒడ్డంతా. నాయన చూపు ఇంత బాగుంటుందని నాకు తెలియదు. సాయంత్రానికి రెండు లక్షల మంది చూశారు. పవిత్ర నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

మధ్యాహ్నం రింగు రాలేదు. వీడియో వచ్చింది కదా, రింగూ అదే అనుకున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం. ఆఫీసు. ఒంటిగంట పది.

పొద్దున రింగు వచ్చింది. మధ్యాహ్నానిది లేదు. వీడియో మాత్రం పన్నెండూ పదికి వచ్చింది, గుండు మీదదే. గాలి హోరు ఎక్కువగా ఉంటే పాట పెట్టి కప్పేసి పేజీలో పెట్టాను.

చుక్క గుండు మీదే ఉంది. కూర్చున్నాడన్న మాట. అక్కడ గాలి బాగుంటుంది.

రెండున్నర.

చుక్క కదల్లేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. నిద్రపోయాడేమో. కదలకుండా ఉంటే ఇంకా మంచిది, ఎండలో తిరగొద్దని కదా డాక్టరు చెప్పింది.

మూడూ ఇరవై.

కదల్లేదు.

ఏప్రిల్ 3. పెద్దాసుపత్రి వరండా.

నాయన బతికే ఉన్నాడు. ముందు అది రాసుకోవాలి.

నిన్న నాలుగుకు పది నిమిషాలుందనగా కొత్త నంబరు నుంచి ఫోను. శ్యామలమ్మ. మోటరు షెడ్డు గోడ మీద నాయన బొగ్గుతో రాయించి పెట్టుకున్న నా నంబరు చూసి చేసింది.

"ఉమా, మీ నాయన గుండు మీద పడుండాడు. ఊపిరుండాది. బండికి చెప్పినాం. హిందూపురానికే తెస్తారంట, నువ్వు ఆసుపత్రి కాడ ఉండు."

తర్వాత లక్ష్మీనారాయణ ఆసుపత్రిలో చెప్పాడు. గొర్రెలు మల్బరీ తోటలో పడ్డాయట. శ్యామలమ్మ కట్టె పట్టుకుని తిట్టుకుంటూ పోయింది. సగం తోట మేసేశాయి, తోలేవాడు లేడు. హనుమంతప్పా, హనుమంతప్పా అని నాయన పేరు పెట్టి అరిచింది. హనుమంతప్ప ఉండగా గొర్రె ఒక్కటి కూడా గట్టు దాటదని తిట్టే ఆమెకే బాగా తెలుసు. కట్టె కింద పడేసి వెతికింది. గుండు మీద కంబళి అంచు కనిపించింది.

డాక్టరు ఎప్పుడు మొదలైంది నొప్పి అని అడిగాడు. తెలియదన్నాను. మూడు గంటలకు పైనే అయ్యుంటుంది, అరగంటలో తెచ్చుంటే గుండె ఇంతగా దెబ్బతినేది కాదన్నాడు. నన్ను ఏమీ అడగలేదు. మనిషిని ఒంటరిగా ఎందుకు వదిలారని ఊరికే గాలిలోకి అన్నాడు.

అమ్మ ధర్మవరంలో రైలెక్కి వచ్చింది. వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు.

ఏప్రిల్ 4

పన్నెండూ పది వీడియోను పాట లేకుండా విన్నాను.

అది గాలి కాదు. నాయన రొప్పు.

ఏప్రిల్ 5

నాయన ఇవాళ మాట్లాడాడు. మొదట గొర్రెల్ని అడిగాడు. కుళ్ళాయప్ప మామ వచ్చి చూసుకుంటున్నాడని చెప్పాను. శ్యామలమ్మ ఆకు పోయిందే అని బాధపడ్డాడు. తర్వాత ఫోను అడిగాడు.

అమ్మ మందులకు కిందికి పోయింది. చెప్పాల్సిందంతా రెండు రోజులుగా లోపల కూడబెట్టుకున్నాను. నేను నోరు తెరిచేలోగా నాయనే మొదలుపెట్టాడు.

గుండు ఎక్కాక వీడియో తీసి, అది పోయేదాకా ఫోను పైకెత్తి పట్టుకున్నాడట. అప్పుడే ఎడమ చెయ్యి గుంజిందట. ఇంకొంచెమే ఉంది పోయేకి అని పట్టుకునే ఉన్నాడట. అది పోయింది, తెర నల్లబడింది, తను కూర్చున్నాడు. బిళ్ళ నాలుక కింద పెట్టుకున్నాడు. వంక ఒడ్డున ఎవరో టమాటా కోసుకునే ఆడవాళ్ళు పోతూ కనిపించారట. పిలవలేదట.

ఎందుకు నాయనా అన్నాను.

"నువ్వు చూస్తాంటావు కదా మ్మా మ్యాపులో. పాప చూస్తాది, ఎవురినో ఒకర్ని పంపిస్తాది అనుకుంటి. మందలో తప్పిన పిల్ల యాడుండేది ఆడనే ఉంటే మనకు దొరుకుతాది, ఇట్లట్ల తిరిగితేనే దొరకదు. నేను దిగితే నీకు తెల్దేమో అని కదల్లా. ఆడనే పండుకుంటి."

పండుకుని ఎండకు కంబళి కప్పుకున్నాడట. భయమేమీ వెయ్యలేదట. ఈ తూరి కూడా ఆ ఫోనే ఇయ్యి, నువ్వు చూస్తాంటే నాకు ధైర్యం అన్నాడు. రెండు వారాల్లో లేచి మందకు పోతాడట.

అవును నాయనా, చూస్తూనే ఉన్నాను అనడానికి ఒక్క క్షణం చాలు. ఆయన మొహం అంత నిమ్మళంగా ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే ఆయన మళ్ళీ పోయి ఏదో ఒక రాయి మీద కదలకుండా పడుకుంటాడు.

చెప్పాను. ఫోను ఆరిపోతే చుక్క ఆగిపోతుందని, ఆగిన చుక్క ఎప్పటిదో అని, అది నాకు తెలిసీ దాన్నే చూస్తూ కూర్చున్నానని. చార్జి తినేది నేను వెనకాల పెట్టినవేనని. షాపులో ఆపేస్తే ఆటోలో మళ్ళీ తెరిచానని. తను గుండు మీద పడుకున్న ఆ మూడు గంటల్లో నేను పేజీలో జనానికి జవాబులు రాశానని. ఎన్నో కూడా చెప్పాను. నలభై ఏడు.

నాయన కోపగించుకోలేదు. అర్థం కానట్టు పైకప్పు వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. నా వైపు తిరిగి అడిగాడు.

"అట్లయితే ఆ పొద్దు నేను ఎవురికీ కనపడతా లేనా?"

"లేదు నాయనా."

ఆ ఎండను, ఆ రాయిని, కిందుగా మాట్లాడుకుంటూ పోయిన ఆడవాళ్ళను ఆయన మళ్ళీ చూస్తున్నాడని మొహంలో తెలిసిపోయింది. ఈసారి ఒంటరిగా చూస్తున్నాడు. దుప్పటి కిందనుంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. పోట్లాడే పొట్టేళ్ళ కొమ్ములు వంచిన చెయ్యి.

నాయన భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు. జరిగిపోయిన మూడు రోజులకు, నా మాట విన్నాక, ఇవాళ భయపడ్డాడు.

అమ్మ వచ్చేదాకా వదల్లేదు. నేనూ ఎటూ కదల్లేదు.